చిరవిరామానంతరము బరిలో దిగిన ముష్టియోధులు



విరాటుని కొలువులో అర్జునుడు ఒక యేడు బృహన్నలయై కన్యలకు నాట్యము గఱపెను. పిదప జమ్మిచెట్టుపై దాచిన గాండీవమును దింపించుకొని, ఆ దినముననే కురుసైన్యమునెల్ల నొక్కడై గెలిచెను. ఆ కథ వినునప్పుడు మనకు సంశయము కలుగదు; ఏలయన నాతడు అర్జునుడు. కాని రక్తమాంసములు గల మానవుడు, ఎంతటి జగజెట్టియైనను, రెండుమూడేండ్లు పోరు మాని కూర్చుండి, ఒక్కపెట్టున మహాయుద్ధమునకు లేచినచో నేమగును? ఈ ప్రశ్నకు గడచిన నూఱేండ్లకు పైబడిన ముష్టియుద్ధ చరిత్రయందు సమాధానము కలదు. ఆ చరిత్ర యెక్కువగా అమెరికా దేశమున నడచినది. అందలి కొన్ని ఘట్టములను నేడు మీకు మనవి చేసెదను.

ముష్టియుద్ధమనగా ఇంగ్లీషువారి బాక్సింగు. నాలుగు ప్రక్కల మోకులు కట్టిన చదరపు వేదికయే బరి. యోధులిద్దఱును మెత్తపెట్టిన తోలు గ్లౌజులు తొడిగి, నడుమునకు పైభాగముననే కొట్టుకొనవలెను. ఒక్కొక్క రౌండు మూడు నిమిషములు. రౌండునకు రౌండునకు నడుమ ఒక నిమిషము విశ్రాంతి. కూలినవాడు పది లెక్కించులోపల లేవకున్న నోడినట్లే. ఇరువురును కడవఱకు నిలిచినచో న్యాయనిర్ణేతలు గెలుపోటములు చెప్పుదురు. దేహపు బరువును బట్టి తరగతులు కలవు; వానిలో మిక్కిలి బరువైనవారి తరగతియగు హెవీవెయిట్టునకు గౌరవము మెండు.

విరామమువలన యోధుడు పోగొట్టుకొనునది బలమని చాలమంది తలంతురు. నిజమునకు బలము అంత త్వరగా పోదు. మొదట తగ్గునది దమ్ము. గుండె, ఊపిరితిత్తులు సాధనచే సంపాదించిన దార్ఢ్యము కొలది వారములలోనే సడలనారంభించును. ఏడాది కాడి మోయని యెద్దును మీరెఱుగుదురు. అది చూపునకు బలిసి నిగనిగలాడును. అరక కట్టినచో నాలుగు చాళ్లకే రొప్పును. రెండవది దూరపు అంచనా. ఎదుటివాని పిడికిలి ఎంతవఱకు వచ్చును, తన పిడికిలి ఎప్పుడు బయలుదేఱవలెను అను జ్ఞానము ఎదుటివాడుండి నిజముగా కొట్టుచున్నప్పుడే నిలుచును. మూడవది పాదముల చురుకు. ఇవి మూడును పోయినను పిడికిటిలోని పెట్టు మాత్రము చిరకాలముండును. ఆ పెట్టును నమ్ముకొనియే వీరులు మఱల బరిలో దిగుచుందురు. ఆ నమ్మకమే పలువురను చెఱచినది.

మొదట జేమ్స్ జెఫ్రీస్ కథ చెప్పవలెను. ఆతడు 1899లో బాబ్ ఫిట్జ్‌సిమ్మన్సును ఓడించి హెవీవెయిట్టు జగద్విజేత యయ్యెను. తరువాత నాతని గెలిచినవాడు లేడు, నేల కూల్చినవాడునులేడు. 1904 ఆగస్టులో జాక్ మన్రోను రెండవ రౌండుననే ముగించి, తనకు ఎదురులేదని 1905లో బిరుదు విడిచి, కాలిఫోర్నియాలోని బర్బాంకు కడ సేద్యమునకు పోయెను. ఆతడు పండించినది పశువులకు వేయు లూసర్ను గడ్డి. సుఖముగా తిని కూర్చుండుటచే దేహము 300 పౌనులు దాటెను. మన లెక్కలో నూటముప్పదియాఱు కిలోలకు మీఱినదన్నమాట.

ఆతడట్లే యుండిన ఎవరికిని బాధలేకపోవును. కాని 1908 డిసెంబరు 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున జాక్ జాన్సన్ అను నల్లజాతి యోధుడు టామీ బర్న్సును ఓడించి బిరుదు గైకొనెను. అమెరికాలోని తెల్లజాతివారిలో బహుజనమునకు అది సహింపరానిదయ్యెను. జాతిగౌరవము నిలుపుటకు జెఫ్రీసు పొలము వదలి రావలెనని పత్రికలు గోలపెట్టినవి. గొప్ప కథకుడగు జాక్ లండన్ సైతము సిడ్నీనుండి అట్లే వ్రాసెను. బిరుదు ధరించిన దినములలో నల్లవారితో బిరుదుపోరు జరుపనన్న జెఫ్రీసు, ఈ యొత్తిడికిని ధనమునకును లొంగి సమ్మతించెను.

దాదాపు నూఱు పౌనులు కరగించి, 1910 జులై 4న నెవాడా రాష్ట్రములోని రీనో పట్టణమున మండుటెండలో ఆతడు బరి యెక్కెను. ఏర్పాటు నలుబదియైదు రౌండులకు. జెఫ్రీసునకు ముప్పదియైదేండ్లు, దాదాపు ఆఱేండ్లుగా నిజమైన పోరు ఒక్కటియు లేదు. జాన్సనో, ఆ నడుమ పోరుచునే యుండెను; క్రిందటి యేటి అక్టోబరులోనే స్టాన్లీ కెచెల్ అను గట్టివానిని పండ్రెండవ రౌండున కూల్చియుండెను. రీనోలో జాన్సను తొందరపడలేదు. నవ్వుచు, మాటలాడుచు, వచ్చిన దెబ్బను చేతితో నాపుచు, తన దెబ్బను తప్పక తాకించుచు వచ్చెను. జన్మమున నేల ముట్టని జెఫ్రీసు పదునేనవ రౌండున కూలెను. ఆతని పక్షమువారే పోరు ముగింపించిరి.

ఈ యపజయమునంతయు విరామముపై త్రోయుట న్యాయము కాదు. జాన్సను అసాధారణుడు. తన మంచికాలమునందైనను అతనిని గెలువజాలకపోవుదునని జెఫ్రీసే పిదప నొప్పుకొనెనని పత్రికలు వ్రాసినవి. అయినను ఇందొక పాఠము స్పష్టము. క్రొవ్వు కరగించుట వేఱు, పోరు నేర్పు మఱల సంపాదించుట వేఱు. పరుగువలనను పథ్యమువలనను మొదటిది సిద్ధించును. రెండవది పోరువలననే సిద్ధించును. ఇక ఆ దినము రాత్రి అమెరికా నగరములలో అల్లరులు చెలరేగి పలువురు మరణించిరి. వారిలో నధికులు నల్లజాతివారే. ఒక రైతును పొలమునుండి లాగి జాతికంతకును ప్రతినిధిగా నిలిపిన ఫలమిది.

రెండవ కథ జాక్ డెంప్సీది. ఇందు విరామపు దోషమును ఇంకను తేటగా కొలువవచ్చును. ఏలయన ఒక్క ప్రత్యర్థితోనే యాతడు రెండుమార్లు పోరెను. డెంప్సీ 1919లో జెస్ విల్లార్డును ఓడించి బిరుదు పొందెను. ఆ విల్లార్డు కూడ అప్పటికి మూడేండ్లకు పైగా బిరుదు కాపాడుకొను పోరునకు దిగనివాడే యని గమనింపవలెను. డెంప్సీ 1923 సెప్టెంబరులో లూయీ ఫిర్పోను రెండు రౌండులలో ముగించి, పిదప మూడేండ్లు బిరుదుపోరు జోలికి పోలేదు. సినిమాలలో నటించెను, నటీమణిని వివాహమాడెను, చిరకాలము తన వ్యవహారము నడపిన జాక్ కియర్న్సుతో తగవుపడి విడిపోయెను. ఈ కాలమున జీన్ టన్నీ అనువాడు, పుస్తకములన్న ప్రీతిగలవాడు, 1924లో కార్పెంటియరును, 1925లో గిబ్బన్సును గెలిచి మెట్టుమెట్టుగా పైకి వచ్చుచుండెను.

1926 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో సుమారు 1,20,000 మంది జనము నడుమ, వానలో, పది రౌండుల పోరు జరిగెను. డెంప్సీ ముందునకు దూకును. టన్నీ అక్కడ నుండడు. డెంప్సీ పిడికిటిలో బలము కలదు గాని, ఆ బలము చేరవలసిన చోటు ప్రతిసారియు జానెడు తప్పిపోవుచుండెను. న్యాయనిర్ణేతలు టన్నీకే జయము చెప్పిరి.

డెంప్సీ ఈమాఱు వెంటనే టన్నీపైకి పోలేదు. 1927 జులైలో జాక్ షార్కీ అను గట్టివానితో పోరి ఏడవ రౌండున కూల్చెను. రెండు నెలల తరువాత, సెప్టెంబరు 22న షికాగోలో మఱల టన్నీ నెదుర్కొనెను. ఏడవ రౌండున డెంప్సీ దెబ్బలకు టన్నీ కూలెను. క్రొత్త నియమము ననుసరించి, కూల్చినవాడు దూరపు మూలకు పోయిన పిదపనే లెక్క మొదలుకావలెను. డెంప్సీ పోవుట కాలస్యమాయెను, లెక్కయు ఆలస్యమాయెను. టన్నీ పదిక్షణములకు మించిన విశ్రాంతి గాంచి, లేచి, తుదకు గెలిచెను. ఈ 'దీర్ఘగణనము'ను గూర్చి నేటికిని వాదములు కలవు. మనకు కావలసినది వేఱు. పండ్రెండు నెలల క్రిందట పది రౌండులలో దొరకని టన్నీ, నడుమ ఒక్క నిజమైన పోరు జరిగినంతనే డెంప్సీ పిడికిటికి దొరకెను. ఒక యేడు పెద్దవాడైనను డెంప్సీ మెఱుగుపడెను. అభ్యాసము కూసువిద్య యని మనవారన్నది ఇందులకే.

ఇక నిద్దఱును సమానముగా విరామము పొందినచో నేమగునో జో లూయిస్, బిల్లీ కాన్ అనువారి కథ చూపును. 1941 జూను 18న వీరిద్దఱు తొలుత తలపడిరి. లూయిస్ సంపద పిడికిలి. కాన్ సంపద పాదములు. పండ్రెండు రౌండులు ముగియునప్పటికి కాన్ ముందంజలో నుండెను. పదుమూడవ రౌండున తానే లూయిసును కూల్పవలెనను ఆశతో దగ్గఱకు పోయి, తానే కూలెను. మఱల పోరవలెనని ఎల్లరును కోరుచుండగా యుద్ధము వచ్చెను. ఇద్దఱును సైన్యమున చేరిరి. లూయిస్ 1942లో రెండు పోరుల రాబడిని సైనిక నావికుల సహాయనిధులకు విడిచి, సైనికుల వినోదార్థము ప్రదర్శనలు మాత్రమే ఇచ్చుచు యుద్ధకాలము గడపెను.

1946 జూను 19న న్యూయార్కులో వీరు మఱల నెదురుపడిరి. జనము మొదటి పోరు వంటిది చూడవచ్చిరి; చూచినది వేఱు. లూయిసును పండ్రెండు రౌండులు త్రిప్పిన ఆ కాన్ పాదములు యెక్కడను లేవు. లూయిసును మెల్లబడెను గాని పిడికిలి యుండెను. ఎనిమిదవ రౌండున కాన్ కూలెను. ఇద్దఱికిని నాలుగేండ్ల తుప్పే; కాని పాదములే ఆస్తిగా గలవాడు దివాలా తీసెను, పిడికిలి ఆస్తిగా గలవానికి కొంత మిగిలెను. విరామము అందఱినుండి ఒకే పన్ను వసూలు చేసినను, అది చెల్లించు పెట్టె ఒక్కొక్కరిది వేఱు.

ఈ నష్టమునకు మందు లేదా? కలదు, అది ఓర్పు. షుగర్ రే రాబిన్సన్ దానిని తాగి చూపెను. ఆతడు మిడిల్ వెయిట్టు తరగతి రాజు. 1952 జూను 25న, తనకంటె బరువైన జోయీ మాక్సిముతో పోరుచు, భయంకరమగు ఉక్కచే పదునాలుగవ రౌండునకు లేవలేకపోయెను. ఆ యుక్కకు మధ్యవర్తియే నడుమ మార్చబడవలసివచ్చెను. ఆ యేటి చివర రాబిన్సన్ ముష్టియుద్ధము మాని నాటకశాలలలో నర్తకుడయ్యెను. రెండేండ్లు గడచిన పిదప 1955 జనవరిలో తిరిగివచ్చెను. రెండవ పోరుననే టైగర్ జోన్స్ అనువాని చేతిలో ఓడెను. ఆతని పని యైపోయినదని పలువురనిరి. రాబిన్సన్ సిగ్గుపడలేదు, తొందరపడలేదు. ఆ యేడంతయు చిన్నపోరులు సాగించెను. డిసెంబరు 9న షికాగోలో బోబో ఓల్సన్ను రెండవ రౌండుననే కూల్చి బిరుదు మఱల గైకొనెను. ఆ పదునొకండు నెలల శ్రమ లేక జనవరిలోనే ఓల్సనునకు ఎదురుపోయియుండినచో, జోన్సు చేతిలోని యోటమి ఓల్సను చేతిలో కలిగియుండెడిదని తలంచుట తప్పుకాదు.

ఇక మీలో పెక్కుమంది విన్న పేరు మహమ్మదాలీ. ఆతని విరామము సుఖముకొఱకు కాదు, వృద్ధాప్యమువలన కాదు. 1967 మార్చిలో జోరా ఫోలీని ఓడించి ఇరువదియైదేండ్లకే ఎదురులేక వెలుగుచుండగా, వియత్నాము యుద్ధమునకై సైన్యమున చేరుటకు మతవిశ్వాసమును చెప్పి ఏప్రిలు 28న నిరాకరించెను. బిరుదు పోయెను; పోరుటకు అనుమతి పోయెను; జూనులో న్యాయస్థానము శిక్ష విధించెను. అప్పీలు నడచుచుండగా మూడు సంవత్సరముల ఏడు నెలలు ఆతడు బరి యెక్కలేదు. ముష్టియోధుని జీవితమున ఇరువదియైదు మొదలు ఇరువదియెనిమిది వఱకుగల కాలము నిండుపంట కోతకు వచ్చు కాలము. ఆ పంట పొలముననే పోయెను.

1970 అక్టోబరు 26న అట్లాంటాలో జెర్రీ క్వారీతో పోరు మూడు రౌండులలో ముగిసెను. క్వారీ కనుబొమ్మ చిట్లుటయే కారణము. కావున దమ్మునకు పరీక్ష జరుగలేదు. డిసెంబరు 7న బోనవేనాను పదునేనవ రౌండున గాని ముగింపజాలకపోయెను. మూడు నెలలకే, 1971 మార్చి 8న, న్యూయార్కులో జో ఫ్రేజియరు! ఇరువురును అంతవఱకు ఓటమి యెఱుగనివారు. ఒక్కొక్కరికి ఇరువదియైదు లక్షల డాలర్లు. మునుపు ఆలీ రౌండు రౌండునకు తుమ్మెదవలె తిరుగుచుండెడివాడు. ఇప్పుడు కొంతసేపు తిరిగి, కొంతసేపు మోకుల కానుకొని దెబ్బలు కాచుకొనుచుండెను. పదునేనవ రౌండున ఫ్రేజియరు ఎడమచేతి దెబ్బకు వెల్లకిల పడి, వెంటనే లేచి, నిలిచి ముగించెను. కాని తీర్పు ఫ్రేజియరుదే. నాలుగు నెలలైనను గడువకమునుపే, జూను 28న, సుప్రీముకోర్టు ఆలీ శిక్షను కొట్టివేసెను. శిక్ష పోయినది, పోయిన యేండ్లను ఏ న్యాయస్థానము తిరిగి ఇయ్యగలదు?

ఆలీ గొప్పదనము ఆ తరువాతనే తెలియును. పాదములు మునుపటివి కావని యెఱిగి, ఆతడు మఱియొక విద్య కల్పించుకొనెను. మూడేండ్లకు పైగా పోరుపై పోరు సాగించి, 1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని కిన్షాసాలో, తనకంటె బలవంతుడగు జార్జి ఫోర్మనుచే బుద్ధిపూర్వకముగా మోకులకడ కొట్టించుకొని, అతడు అలసినంతనే ఎనిమిదవ రౌండున కూల్చెను. అది బుద్ధి విజయమే. కాని ఆ విద్యకు వెల కలదు. తుమ్మెదకు దెబ్బ తగులదు. మోకుల కానుకొన్నవానికి తగులును. విరామము ఆలీ పాదములను కొని, బదులుగా దెబ్బల నిచ్చినది.

దీనికి వ్యతిరేకమగు కథ యొకటి కలదు. దాచుట చరిత్రకారునకు తగదు. షుగర్ రే లెనార్డ్ అనువానికి 1982లో కంటిలోపలి పొర విడివడి శస్త్రచికిత్స జరిగెను. పిదప ఐదేండ్లలో ఆతడు పోరినది ఒక్కసారి, 1984లో. అందును నాలుగవ రౌండున కూలి, లేచి గెలిచెను. అట్టివాడు 1987 ఏప్రిలు 6న లాస్ వేగాసులో, ఆఱేండ్లకు పైగా బిరుదు పాలించుచున్న మార్విన్ హాగ్లరును గెలిచెను! న్యాయనిర్ణేతలలో ఇద్దఱు లెనార్డునకు, ఒకడు హాగ్లరునకు జయము చెప్పిరి. ఆ తీర్పును ఒప్పుకొననివారు నేటికిని కలరు. కాని పోరు బరిలో మొదలుకాలేదు, ఒడంబడికలో మొదలైనది. పదునేను రౌండులకు బదులు పండ్రెండు, విశాలమగు ఇరువదియడుగుల బరి, బరువు హెచ్చిన గ్లౌజులు: ఇవి లెనార్డు కోరి పొందినవి. దమ్ము తక్కువవానికి రౌండులు తగ్గుట మేలు. పాదములు గలవానికి చోటు మేలు. మొదటి రౌండులను హాగ్లరు తన సహజమగు ఎడమచేతివాటము విడిచి పోరి చేజార్చుకొనెను. లెనార్డు ప్రతి రౌండు చివర కొలది క్షణములు దెబ్బల వాన కురిపించి న్యాయనిర్ణేతల కన్నులు నింపెను. తనకు లేనిది ఏదో తెలిసికొని, అది అక్కఱలేని పోరును కల్పించుకొనుటయే ఆతని జయము. అందఱికిని సాధ్యమగు మార్గము కాదిది.

అందఱికిని సాధ్యమగు మార్గము ఫోర్మనుది. కిన్షాసాలో ఓడిన ఆ ఫోర్మనే 1977లో పోరు మాని, హ్యూస్టను నగరమున క్రైస్తవమత బోధకుడై పదియేండ్లుండెను. 1987లో తిరిగివచ్చి, నవ్వినవారిని నవ్వనిచ్చి, ఇరువదికి పైగా చిన్నపోరులు గెలిచిన పిదపనే 1991లో బిరుదుపోరునకు పోయి, హోలీఫీల్డుతో పండ్రెండు రౌండులు నిలిచి ఓడెను. 1994 నవంబరు 5న, నలుబదియైదేండ్ల వయస్సున, మైకేల్ మూరరును పదియవ రౌండున కూల్చి బిరుదు గాంచెను. ముందే చెప్పితిని, పెట్టు చిరకాలముండునని. దానికి ఓర్పు తోడైనది.

కావున విరామమే వీరుని చంపుననుట నిజము కాదు. విరామమునుండి తిన్నగా మహాయుద్ధమునకు పోవుట చంపును. మఱి ఈ సంగతి తెలిసియు వారేల తిన్నగా పోవుదురు? చిన్నపోరులకు జనము రాదు, ధనము రాదు. జో లూయిసునే చూడుడు. 1949లో బిరుదుతోనే విరమించెను. దేశమునకై రాబడి విడిచిన ఆ వీరుని ఆదాయపు పన్ను బాకీలు చుట్టుముట్టెను. చిన్నపోరులతో తీఱు బాకీ కాదది. 1950 సెప్టెంబరు 27న తిన్నగా బిరుదుధారియగు ఎజార్డ్ చార్లెసును ఎదుర్కొని పదునేను రౌండులు దెబ్బలు తిని ఓడెను. 1951 అక్టోబరున రాకీ మార్సియానో అను యువకుడు ఎనిమిదవ రౌండున ఆతనిని మోకుల వెలుపలికి పడగొట్టెను. ఆలీయు అట్లే, రెండేండ్లు మాని, ముప్పదియెనిమిదవ యేట, 1980 అక్టోబరు 2న లారీ హోమ్సు నెదుర్కొనెను. పది రౌండులు ఏకపక్షముగా దెబ్బలు తిన్న పిదప శిక్షకుడు ఏంజెలో డండీ పోరు ఆపించెను. 1984లో వైద్యులు ఆతనికి పార్కిన్సను వ్యాధి కలదని నిర్ణయించిరి.

జెఫ్రీసును లాగినది జాతిగర్వము. లూయిసును లాగినది బాకీ. ఆలీని లాగినది కీర్తి, ధనము, లోకుల కేక. ఈ మూటియందును బరి వెలుపలనున్నవారి చేయి కలదు. చప్పట్లు కొట్టినవారికి ఆ రాత్రి వినోదము; దెబ్బలు తిన్నవానికి శేషజీవితము.

మన గ్రామములందును తిరునాళ్లకు కుస్తీలు కట్టుదురు. పేరుమోసిన పాతజెట్టిని ఒక్కసారి దిగుమని పదిమంది ప్రోత్సహించుట కలదు. అట్టివేళ పెద్దలు ఆతని కండలు చూచి మురియక ఒక్క ప్రశ్న అడుగవలెను: ఈ యేడాదిలో నీవు ఎవరెవరితో పట్టుపట్టితివి? సమాధానము లేకున్నచో ఆతనికి కావలసినది మన కేక కాదు. తాలీంఖానాలో ఆఱు నెలల సాధన, లేదా గౌరవముతో కూడిన ఆసనము. ఈ రెంటిలో ఏది తగునో చెప్పగల ధైర్యము పెద్దఱికమునకు లక్షణము.